ఇస్త్రీ చొక్కా కింద ఇమామ్ జామిన్

ఆదోని బస్టాండు దగ్గర పుస్తకాల అంగట్లో కానిస్టేబుల్ గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్ పక్కన ఇంకో రకం పుస్తకాలు దారానికి వేలాడుతుంటాయి. అట్ట మీద టై కట్టుకున్న యువకుడు చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు. ఇంటర్వ్యూలో ఎలా నెగ్గాలి, పర్సనాలిటీ ఎలా పెంచుకోవాలి, తొలిచూపులోనే ఎలా మెప్పించాలి – అట్ట మీది మాట ఏదైనా లోపలి సరుకు ఒకటే. ఎమ్మిగనూరులో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే మిద్దె గదుల్లో ఇవే పుస్తకాలు జిరాక్సు కాగితాలై చేతులు మారుతుంటాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లో వీడియోలు కూడా వచ్చాయి గానీ అవీ ఈ పుస్తకాలను నోటితో వినిపించడమే.

కథ మీదా కవిత మీదా పేజీలకు పేజీలు రాసే మన విమర్శకులు ఈ పుస్తకాల జోలికి పోరు. అవి సాహిత్యం కాదంటారు. కాకపోవచ్చు. కానీ మన వాడల్లో డిగ్రీ పాసైన పిల్లలు పెన్సిలుతో గీతలు గీసుకుని మరీ చదువుతున్నది వీటినే. 'పుట్టుమచ్చ' చదవని ముస్లిం కుర్రాడు మాకు వందల మంది తెలుసు. బూటుకూ బెల్టుకూ ఒకే రంగుండాలన్న సంగతి తెలియనివాడు ఒక్కడూ తగల్లేదు. అందుకే వీటిని కూడా పుస్తకాలుగా లెక్కించి ఒకసారి విమర్శకు పెట్టాలనుకున్నాం. ఈ రకం రాతలు మేం కూడా రాశాం కాబట్టి ఆ పాపంలో మాకూ వాటా ఉంది. ఆ సంగతి ముందు ముందు చెబుతాం.

ఈ సరుకు మన గడ్డ మీద పుట్టింది కాదు. 1936లో డేల్ కార్నెగీ రాసిన పుస్తకం నుంచి దీనికి ఒక వంశవృక్షం ఉంది. తెలుగులో 1990లలో యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు', బి.వి. పట్టాభిరాం పుస్తకాలు వ్యక్తిత్వ వికాసమన్న మాటను ఇంటింటికీ చేర్చాయి. అయితే బట్టల గురించి, రూపం గురించి చెప్పే ముక్కకు అసలు తాత వేరు. 1975లో అమెరికాలో జాన్ టి. మొల్లాయ్ రాసిన 'డ్రెస్ ఫర్ సక్సెస్'. ఏ రంగు సూటు వేసుకుంటే ఎదుటివాడు నమ్ముతాడో మనుషుల మీద పరీక్షించి చూశానన్నాడాయన. అందులో నల్లజాతి వాళ్ళకూ, స్పానిష్ మాట్లాడేవాళ్ళకూ ప్రత్యేకంగా సలహాలున్నాయి. తెల్లవాళ్ళ మధ్య పని కావాలంటే వాళ్ళకు అనుమానం రాని విధంగా, వాళ్ళకంటే ఒక పాలు ఎక్కువ పద్ధతిగా బట్టలు కట్టాలని వాటి సారాంశం. కటువైన సలహాయే. కానీ అందులో ఒక నిజాయితీ ఉంది. చూసేవాడి కంట్లో ద్వేషం ఉందని ఆ రచయిత ఒప్పుకుంటాడు. మేం చదివిన తెలుగు గైడ్లలో ఆ ఒప్పుకోలు లేదు. వాటి లెక్కన తప్పంతా కనబడేవాడిదే. చూసేవాడికి కళ్ళు తప్ప మరేమీ ఉండవు.

మంచిని మంచి అనాలి. మాకు ఇస్త్రీ చొక్కా విలువ తెలుసు. జిన్నింగు మిల్లులో దూది మూటలు మోసి ఒంటినిండా నూగుతో ఇంటికొచ్చే తండ్రి కొడుక్కి మేజోళ్ళు ఎట్లా వేసుకోవాలో ఎందుకు చెబుతాడు? ఎవరూ చెప్పని ఇంట్లో ఒక పుస్తకం చెబితే అది మేలే. గోళ్ళు తీసుకో, బూటుకు పాలిష్ వేయి, పది నిమిషాలు ముందే పో, తలుపు తట్టి లోపలికి పో – ఇందులో వంక పెట్టేదేమీ లేదు. జామియా మిలియాలో జాకిర్ హుసేన్ గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థులు బూట్లు తుడుచుకోకపోతే ఆయనే పాలిష్ డబ్బా, బ్రష్షు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడట. పిల్లలు సిగ్గుపడి మర్నాటి నుంచీ మెరిసే బూట్లతో వచ్చారట. ఆ జాకిర్ హుసేన్ గడ్డంతో, షేర్వానీతో, టోపీతో 1967లో ఈ దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. బూటు పాలిష్‌కూ గడ్డానికీ ఆయన దగ్గర పేచీ రాలేదు.

అంబేద్కర్ సూటు గురించి దళిత సోదరులు ఎప్పుడో చెప్పారు. మంచి బట్ట కట్టడమే నేరమన్న సమాజంలో ఆయన మూడు ముక్కల సూటు ఒక ధిక్కారం. ఆ సూటులో ఆయన కనబడ్డాడు, ఇంకా పెద్దగా కనబడ్డాడు. మా పేచీ బట్టలతో కాదని పాఠకులు గ్రహించాలి. ఒక పిల్లవాడు బట్టలు వేసుకుని ఇంకాస్త కనబడుతున్నాడా, లేక బట్టల్లో పడి మాయమవుతున్నాడా అన్నదే మా పేచీ.

ఈ పుస్తకాల్లో తాళంచెవి లాంటి మాట ఒకటుంది. 'నీట్'. నీట్‌గా ఉండాలి, నీట్‌గా కనబడాలి. ఈ ఒక్క మాట సంచిలో రెండు వేర్వేరు సరుకులు కలిపి పోశారు. చెమట వాసన, మాసిన కాలరు, పగిలిన గోరు ఒకవైపు. గడ్డం, సుర్మా, అత్తరు, చేతికి మెహందీ, మెడలో తావీజు, నుదుటి మీద సజ్దా మచ్చ, చీలమండ పైకి ఆగిన ప్యాంటు మరొకవైపు. మొదటివి మురికి. రెండోవి మనుషులు. పుస్తకం రెండింటికీ ఒకే సబ్బు ఇస్తుంది. ఘాటు వాసనలు వద్దంటుంది, అత్తరు పోయింది. చేతుల మీద గుర్తులు ఉండకూడదంటుంది, పెళ్ళికి పెట్టుకున్న మెహందీ పోయింది. మెడలో చేతికి దారాలు కనబడొద్దంటుంది, తావీజు పోయింది. ఎక్కడా ముస్లిం అన్న మాట ఉండదు. ఏ పేజీ తీసి చూపించినా ఇందులో తప్పేముందని అడగొచ్చు. పుస్తకం మూసేసరికి మాత్రం పిల్లవాడి ఒంటి మీద అమ్మానాన్నలు పెట్టినవేవీ మిగలవు.

రోజుకు ఐదుసార్లు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కునే మనిషికి శుభ్రత పాఠం చెబుతున్నామన్న ఎరుక ఆ రచయితలకు ఉందో లేదో మరి. వుజూ చేసిన కాళ్ళతో మసీదు మెట్లెక్కే మా వాడి వీధులు మాత్రం మురికివే, ఒప్పుకుంటాం. దానికి మున్సిపాలిటీని అడగాలి.

('నీట్' అంటే గుర్తొచ్చింది. డాక్టరు చదువుకు పెట్టే నీట్ పరీక్షలో పూర్తిచేతుల చొక్కా వద్దు, బూట్లు వద్దు, చెప్పులే ముద్దు. మతాచారం ప్రకారం దుస్తులు వేసుకునేవాళ్ళు తనిఖీ కోసం ముందే రావాలన్నది అక్కడి నిబంధన. ఇంటర్వ్యూకి పూర్తిచేతులూ బూట్లూ తప్పవు. ఒకచోట మర్యాద అయిన చొక్కా ఇంకోచోట అనుమానం ఎట్లా అవుతుందో ఏ గైడూ చెప్పదు. ఆచారం దుస్తులు తొడిగేవాళ్ళు వేళకన్నా ముందు రావాలని రాతపూర్వకంగా చెప్పడం మాత్రం ఒక విధంగా నయమే. మిగతా చోట్ల రాయకుండా చెబుతారు.)

చూసే కన్ను అందరినీ ఒకే కొలతతో కొలుస్తుందా అంటే, లేదు. అయ్యప్ప మాల వేసుకున్న సోదరుడు 41 రోజులు నల్లబట్టలతో, పెరిగిన గడ్డంతో, చెప్పుల్లేని కాళ్ళతో ఎన్ని ఆఫీసుల్లో పనిచేయడం మేం చూడలేదు? అతణ్ణి అందరూ 'స్వామీ' అంటారు, కుర్చీ వేస్తారు. అనాల్సిందే, వేయాల్సిందే. ఆ మర్యాద చూసి మాకు సంతోషమే. అదే గడ్డం పక్కసీటు మస్తాన్ ముఖం మీద 42వ రోజున కూడా ఉంటే దానికి ఇంకో అర్థం ఎందుకు వస్తుందన్నదే ప్రశ్న. వాయుసేనలో గడ్డం పెంచినందుకు 2008లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ముస్లిం కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆ చర్యను సమర్థించింది. సైన్యంలో క్రమశిక్షణ, ఏకరూపత ఉండాలన్నది ఒక వాదన. వెంట్రుకలు తీయరాదన్న మతవిధి ఉన్నవాళ్ళకే మినహాయింపు అన్నది ఇంకో వాదన. సైన్యం సంగతి వేరనుకుందాం. 2009లో మధ్యప్రదేశ్‌లో ఒక ముస్లిం విద్యార్థి గడ్డం కేసు విచారణకు వచ్చినప్పుడు అదే కోర్టులో ఒక న్యాయమూర్తి నోట తాలిబాన్ అన్న మాట వచ్చింది. తర్వాత ఆయన ఆ మాటకు విచారం చెప్పారు. అంత చదువుకున్న మనిషికే గడ్డం చూడగానే ఆ మాట నోటికొస్తే ప్రైవేటు కంపెనీలో ఇంటర్వ్యూ చేసే చిన్న అధికారి మనసులో ఏం మెదులుతుందో ఊహించుకోవచ్చు. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఇదంతా రాసింది. గడ్డం, టోపీ, బురఖా బహిరంగ స్థలాల్లో ముస్లింలకు ఎట్లా బరువవుతున్నాయో, హిజాబ్ వేసుకున్న ఆడపిల్లలకు కార్పొరేట్ ఆఫీసుల్లో పని దొరకడం ఎంత కష్టమవుతోందో అందులో ఉంది. దానికి ముందు ఇదంతా మన మనసులో పుట్టిన అపోహ అనేవాళ్ళు.

మా సంగతికి వస్తాం. ఆదోనిలో బి.ఏ. ముగించి 2003లో హైదరాబాదుకు సబ్ ఎడిటర్ ఇంటర్వ్యూకి బయల్దేరినప్పుడు అమ్మీ మా కుడి దండకు ఇమామ్ జామిన్ కట్టింది. తెలియనివాళ్ళకు చెప్పాలి. పచ్చగుడ్డలో రూపాయి బిళ్ళ మూటగట్టి, ప్రయాణం పోయే మనిషి చేతికి కడతారు. క్షేమంగా తిరిగొచ్చాక విప్పి ఆ బిళ్ళ బీదకు ఖైరాత్ చేస్తారు. తెల్లవారుజామున ఇమ్లీబన్‌లో బస్సు దిగి మరుగుదొడ్డిలో కొత్త చొక్కా తొడిగితే దండ దగ్గర ఉబ్బెత్తుగా కనబడింది. గైడులో చదివిన వాక్యం గుర్తొచ్చింది. ఒక నిమిషం ఆలోచించాం. విప్పి ప్యాంటు జేబులో వేసుకున్నాం. అద్దంలో చూసుకుంటే నీట్‌గానే ఉన్నాం.

లోపల ముగ్గురు కూర్చున్నారు. తెలుగులో అనువాదం ఇచ్చారు, చేశాం. ఒకాయన కాగితం చూసి, "సాయిబులబ్బాయివి, ఇంత మంచి తెలుగు ఎట్లా వచ్చింది?" అన్నాడు. పొంగిపోయాం. అది మెప్పు కాదని అర్థం కావడానికి మాకు కొన్నేళ్ళు పట్టింది. ఉద్యోగం వచ్చింది. వచ్చిన మొదటి రంజాన్‌కు హలీం మీద వ్యాసం రాయమన్నారు. రెండో రంజాన్‌కూ హలీమే. గడ్డం లేకుండా, తావీజు లేకుండా, మచ్చలేని తెలుగుతో లోపలికి పోయిన మమ్మల్ని తీరా పోయాక తిరిగి ముస్లింగానే కూర్చోబెట్టారు. అది కూడా వాళ్ళకు తెలిసిన ముస్లింగా. ఇంటికొచ్చినప్పుడు అమ్మీ ఖైరాత్ చేయడానికి చేయి చాపింది. జేబులోంచి తీసి ఇచ్చాం. ముడి చూసి, "రాస్తేమేచ్ ఖోల్ దియా క్యా రే?" అంది. దారిలోనే విప్పేశావా అని. ఇంకేమీ అనలేదు. బిళ్ళ తీసుకుని బయటికి పోయింది.

ఇంత చేసినా ముఖం కంటే ముందు టేబులు మీదికి పోయేది ఒకటుంది. పేరు. మనిషికి తన పేరు కంటే తీయటి మాట ఉండదని కార్నెగీ అన్నాడు. మన దేశంలో అది ఎంత తీయగా ఉంటుందో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ లెక్కగట్టారు. 2005–06లో ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు సమానం, అనుభవం సమానం, పేర్లే తేడా. ఆ ఫలితాలు 2007లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చాయి. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ఇంటర్వ్యూకి పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడో వంతు. ఫోటో లేదు, గడ్డం లేదు, అత్తరు వాసన కాగితానికి అంటదు. అయినా అంత తేడా. ఢిల్లీలో సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ ఉద్యోగాల మీద జరిగి 2009లో అచ్చయిన మరో పరిశోధనలో ముస్లిం పేర్లకు అటువంటి వివక్ష తేలలేదని కూడా చెప్పాలి. అన్ని తలుపులూ ఒకేలా మూసి ఉండవు. కానీ ఏ తలుపు ఎట్లాంటిదో పిల్లవాడికి ముందే తెలియదు కదా.

ఇక మన పశ్చిమ కర్నూలు పేర్ల సంగతి ఆ పరిశోధకులకు కూడా అంతుపట్టేది కాదు. ఇక్కడ దస్తగిరి అంటే ముస్లిం కావచ్చు, దూదేకుల కావచ్చు, పీరుకు మొక్కుకుని కన్న హిందూ కొడుకూ కావచ్చు. హుస్సేనప్పలు, మస్తానమ్మలు, మౌలాలప్పలు ఎన్ని ఇళ్ళలో లేరు! పీర్ల పండగకు ఊరంతా నిప్పులగుండం చుట్టూ తిరిగిన నేల ఇది. పేరు ఇంత కలిసిపోయిన చోట పుట్టిన పిల్లలు బెంగుళూరు పోయి పేరు కత్తిరించుకుంటున్నారు. షేక్ మహబూబ్ బాషా మొదట ఎస్.ఎం. బాషా అవుతాడు, తర్వాత ఎస్.ఎం.బి. అవుతాడు, చివరికి ఆఫీసులో 'బాబు' అవుతాడు. సర్టిఫికెట్లలో 'షేక్', 'సయ్యద్', 'పఠాన్' ఇంటిపేర్లై కూర్చున్నాయి కాబట్టి మొదటి అక్షరమే కొన్నిచోట్ల పట్టిస్తుంది. దూదేకుల పిల్లలకు మరో చిక్కు. ఇంటిపేరు దగ్గర కులమే ఉంటుంది. వాళ్ళు బీసీ-బి. 2007 చట్టంతో 4 శాతం రిజర్వేషన్ వచ్చినవాళ్ళు బీసీ-ఇ. సర్కారు ఉద్యోగం కోసం ఆ అక్షరం చూపించాలి, ప్రైవేటు ఉద్యోగం కోసం దాచుకోవాలి. ఒకే కుర్రాడు ఒకే వారంలో రెండూ చేస్తున్నాడు.

ఇక్కడ మన వాళ్ళనూ ఒక మాట అడగాలి. 'మన లిబాస్', 'మన తహజీబ్' అని వేదికల మీద చెబుతుంటారు. ఎవరి లిబాస్? అలీగఢ్ నల్ల షేర్వానీ, హైదరాబాదు రూమీ టోపీ మా తాతలు తొడిగారా? ఆదోని తాత గళ్ళ లుంగీ, బనియను, భుజం మీద తుండుతో బతికాడు. నానమ్మ చీరకొంగు తలమీద కప్పుకుని పత్తి ఏరింది. నల్ల బురఖా మా పల్లెలకు చాలా తర్వాత వచ్చింది. జాగీర్దారు కట్టిన బట్టనే ముస్లిం బట్ట అనుకుంటే దూది ఏకినవాడు, కసాయి పని చేసినవాడు, ఫకీరు ఎక్కడికి పోవాలి? మన షరీఫ్ ఖాందాన్లు కూడా ఆదోని దఖ్నీ యాసను చూసి నవ్వినవాళ్ళే. గైడ్ల రచయితలు చేస్తున్నదాన్ని మన పెద్దింటివాళ్ళు మనలో మనకే ఎప్పట్నుంచో చేస్తూ వచ్చారు.

ఆదోనిలో 17వ శతాబ్దపు జామియా మసీదు కట్టించినవాడు సిద్ది మసూద్ ఖాన్. సిద్ది అంటే హబ్షీ, ఆఫ్రికా సంతతివాడు. నల్లటి మనిషి ఏలిన ఊరిలో నాలుగు శతాబ్దాలు కావస్తుండగా ఆడపిల్లలు ఇంటర్వ్యూకి ముందు తెల్లబడే క్రీము రాస్తున్నారు. ముఖం తెల్లబడితే ఉద్యోగం వస్తుందని చూపించిన ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటన మీద మహిళా సంఘాలు గొడవ చేస్తే 2003లో ఆపారు. 2020లో క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారింది.

ఎమ్మిగనూరు విషయం ఇంకా విడ్డూరం. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టి ఆ ఊరి గుడ్డకు దేశంలో పేరు తెచ్చాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆదోనిలో పత్తి, ఎమ్మిగనూరులో మగ్గం. మధ్యన ముప్పై కిలోమీటర్లు కూడా లేని ఈ దారిలో గింజ నుంచి గుడ్డ దాకా అన్నీ ఉన్నాయి. ఇక్కడి పిల్లవాడు ఇంటర్వ్యూకి ఎక్కడో కుట్టిన పాలిస్టరు చొక్కా కొంటాడు. మండుటెండలో అందులో ఉడికిపోయి, చెమట కనబడకూడదని గైడు చెప్పిన ప్రకారం కర్చీఫుతో ఒత్తుకుంటాడు. ఆ ప్యాంటు పొట్టి చేసేది, నడుము పట్టించేది మాత్రం మన దర్జీయే. అందరి ఇంటర్వ్యూ ప్యాంట్లూ కుట్టే దర్జీ కొడుక్కి ఇంటర్వ్యూ రావడం అరుదు.

ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి ఈ పుస్తకాలు నోరు మూసుకుంటాయి. చీరో చుడీదారో అని ఒక పేజీ ఉంటుంది. బురఖా అన్న మాటే ఉండదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని జాబ్ మేళాకు వచ్చే బస్సులో మేం కళ్ళారా చూశాం. బురఖాతో ఎక్కిన అమ్మాయి ఊరు దాటాక దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. సాయంత్రం తిరుగు బస్సులో ఊరు రాకముందే తీసి తొడుక్కుంది. పొద్దున కంపెనీవాళ్ళకు భయపడింది, సాయంత్రం మనకు భయపడింది. ఆ రెండు భయాల మధ్య ముప్పై కిలోమీటర్ల దారిలోనే ఆమె తనకు నచ్చినట్టు కూర్చుని ఉంటుంది. కంపెనీని తిట్టే హక్కు మాకుంది. కానీ వేసుకోనంటే కొట్టే అన్నను తిట్టకుండా ఆ హక్కు వాడుకోలేం. తనంతట తాను ఇష్టపడి వేసుకునే అమ్మాయిలూ ఉన్నారు, చాలామంది. వాళ్ళను ఎవరో వేయించారనే జాలి కూడా మరో అవమానమే.

అమెరికాలో సమంతా ఎలాఫ్ అనే 17 ఏళ్ళ అమ్మాయి 2008లో ఒక బట్టల దుకాణం ఉద్యోగానికి తలకు స్కార్ఫ్ కట్టుకుని పోయింది. ఇంటర్వ్యూ చేసినామెకు నచ్చింది. పై అధికారి మాత్రం వాళ్ళ 'లుక్ పాలసీ'కి స్కార్ఫ్ కుదరదన్నాడు. ఏడేళ్ళ తర్వాత, 2015లో, అక్కడి సుప్రీంకోర్టు 8–1తో అమ్మాయి పక్షం వహించింది. మన పక్కనే ఉన్న కర్ణాటకలో, తరగతి గదిలో హిజాబ్ కేసు మీద 2022 మార్చి 15న హైకోర్టు విద్యార్థినులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులూ చెరొక తీర్పు చెప్పారు. 1953 దాకా మా ఆదోని బళ్ళారి జిల్లాలోదే. రాష్ట్రం సరిహద్దు ఇటు జరిగింది కాబట్టి మా పిల్లలు ఆ గొడవను టీవీలో చూశారు. జరగకపోయి ఉంటే గేటు దగ్గర నిలబడి ఉండేవాళ్ళు.

మేం చేసిన పాపం చెబుతామన్నాం కదా. 2011 ప్రాంతంలో మేం పనిచేసే చోట యువతకు ఉద్యోగ సలహాల పేజీ మా చేతికొచ్చింది. వారం వారం రాశాం. కరచాలనం ఎట్లా చేయాలి, కుర్చీలో ఎట్లా కూర్చోవాలి. అందులో ఒక వారం ఒక వాక్యం రాశాం. గడ్డం తీసుకుని వెళ్ళడం మంచిది, అది మిమ్మల్ని చురుగ్గా చూపుతుంది అని. రాసేటప్పుడు చేయి వణకలేదు. అన్ని గైడ్లలో ఉన్నదే కదా. సొంత ముస్లిం పేరుతో అచ్చయింది. దానివల్ల ఆ మాటకు ఎక్కడలేని బలం వచ్చిందన్న సంగతి తర్వాత తెలిసింది.

కొన్ని నెలలకు ఎమ్మిగనూరు వైపు పల్లె నుంచి ఒక బి.కాం. కుర్రాడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ నాన్న మసీదులో మౌజన్. కుర్రాడికి 19వ ఏట నుంచీ గడ్డం. మా వ్యాసం చదివి, కర్నూలులో ఒక ప్రైవేటు బ్యాంకు ఇంటర్వ్యూకి ముందు రోజు తీయించుకున్నాడు. నాన్న ఆ రాత్రి నుంచీ మాట్లాడటం మానేశాడు. ఇంటర్వ్యూలో పది నిమిషాలు కూడా కూర్చోబెట్టలేదు. ఎందుకు తీసుకోలేదో ఎవరూ చెప్పలేదు. పేరు వల్లనో, మార్కుల వల్లనో, ఇంగ్లీషు వల్లనో, నిజంగా వేరొకడు మేలనిపించో. అదే ఈ విషయంలో పెద్ద కష్టం. కారణం ఎప్పటికీ తెలియదు. ఆ కుర్రాడు జేబులోంచి మా వ్యాసం క్లిప్పింగు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో రాసినవన్నీ చేసినాను సార్. ఇంగ ఏమన్నా మిగిలిందా చెప్పండి" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఇంకొకటేదో ఉండి ఉంటుంది, అది కూడా చేసేస్తే పని అయిపోతుంది అన్న నమ్మకం అతని ముఖంలో ఉంది. ఆ నమ్మకాన్ని పుట్టించింది మేమూ, మాలాంటి పుస్తకాలూ. టీ తాగించాం. బస్సు టైము దాకా ఏవేవో మాట్లాడాం. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాం.

ఆ తర్వాత ఆ పేజీ వదిలేశాం గానీ ఆదోనిలో, ఎమ్మిగనూరులో పిల్లలు పిలిస్తే ఇప్పటికీ పోతున్నాం. పాలిష్, ఇస్త్రీ, గోళ్ళు, వేళ – ఇవి గట్టిగా చెబుతాం. దఖ్నీ, సీమ యాస తప్పు కాదంటాం, కానీ ప్రశ్న వినకుండా జవాబు చెప్పడం తప్పంటాం. గడ్డం గురించీ, స్కార్ఫ్ గురించీ అడిగితే థోరట్ లెక్కలు చదివి వినిపిస్తాం. కొన్నిచోట్ల నష్టం ఉంటుందని దాచకుండా చెప్పి, ఉంచుకోవాలా తీయాలా నిర్ణయం మీదే, మీ నాన్నదీ కాదు, మాదీ కాదు అంటాం. జాబ్ మేళా పెట్టేవాళ్ళను ఏ కంపెనీకి ఏ వేషం కావాలో ముందుగా కాగితం మీద రాయించి అతికించమని అడుగుతున్నాం. ఇంతవరకు ఎవరూ రాయలేదు. నోటితోనే చెబుతున్నారు, అదీ పిల్లలు వరుసలో నిలబడ్డాక.

ఆ క్లిప్పింగు కుర్రాడు తిరిగి తీసుకుపోలేదు. మా బల్ల సొరుగులోనే ఉంది. గడ్డం అన్న మాట కింద నీలం సిరాతో రెండు గీతలున్నాయి.